పాతబస్తీ మేడల్ని కింద దుకాణాలు, పైన ఫ్లాట్లుగా మార్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ వన్‌టౌన్‌లో బ్రాహ్మణ వీధి, శివాలయం వీధి, మెయిన్ బజారు, కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల ఇంకా నిలిచి ఉన్న పాత మేడల యజమానులకు ఈ పేజీ. గుంటూరు లాలాపేట, పట్నంబజారు మేడలకూ చాలావరకు ఇదే వర్తిస్తుంది. పిల్లర్లు లేకుండా, సున్నపు కట్టుబడి గోడలే బరువంతా మోస్తున్న ఇళ్ల సంగతే ఇక్కడ చెబుతున్నాం. 1970ల తర్వాత వేసిన పిల్లర్ల బిల్డింగులకు లెక్క వేరు.

పూర్తిగా కూల్చి కొత్తది కడితే మేలా, ఉన్నదాన్నే మార్చుకుంటే మేలా?

ముందు టేపు పట్టుకుని స్థలం కొలవండి. వన్‌టౌన్‌లో 20 అడుగుల ముఖం, 80 అడుగుల లోతు ఉన్న స్థలం మామూలే. అంటే 1,600 చదరపు అడుగులు, దాదాపు 178 గజాలు. పాత మేడ ఈ హద్దు నుంచి ఆ హద్దు వరకు నిండుగా ఉంటుంది. కూల్చి కొత్త ప్లాను పెట్టారంటే 2017 ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్ రూల్స్ ప్రకారం సెట్‌బ్యాక్ (హద్దు పక్కన ఖాళీ) వదలాలి. మాస్టర్‌ప్లాన్‌లో ఆ వీధికి వెడల్పు గీత ఉంటే ముందు భాగం రోడ్డుకూ పోతుంది. పక్కలా చెరో మీటరు వదిలారనుకుంటే 20 అడుగుల్లో మిగిలేది పదమూడున్నర అడుగులు. అందులో మెట్లు, లిఫ్టు పోను దుకాణానికి ముఖమేముంటుంది?

గోడలు నిలబెట్టి లోపల మార్చుకుంటే ఉన్న విస్తీర్ణం చేతిలోనే ఉంటుంది. ఈ బజార్లలో కింది అంతస్తు ముఖానిదే అసలు విలువ కాబట్టి, గోడలు మోయగలిగిన స్థితిలో ఉన్నంతవరకు మార్చుకోవడమే లాభమని మా గట్టి అభిప్రాయం. గోడ నిట్టనిలువు తప్పి బయటికి వాలినా, పునాది ఒకవైపు కుంగినా, సున్నం పొడిలా రాలి ఇటుక చేత్తో ఊడివస్తున్నా అప్పుడు కూల్చివేత మాట ఆలోచించవచ్చు. పెచ్చులూడిన గార, చెమ్మ మరకలు, పెంకు కప్పులో చిల్లులు కూల్చడానికి కారణాలు కావు. అవన్నీ రిపేరుతో పోయేవే.

టౌన్‌ప్లానింగ్ విభాగానికి వెళ్లేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. ‘రిపేరు’ అని చెప్పి లోపల అంతా కూల్చి ముందు గోడ ఒక్కటే నిలబెడితే దాన్ని కొత్త కట్టడంగానే చూస్తారు, నోటీసు వస్తుంది. ఏ గోడ ఉంటుంది, ఏది పోతుంది అన్నది రంగులు వేసి చూపించే డ్రాయింగుతో, లైసెన్సు ఉన్న టెక్నికల్ పర్సన్ ద్వారా ఆన్‌లైన్‌లో మార్పులు చేర్పుల అనుమతికి పెట్టండి. ఇల్లు దుకాణంగా మారుతుంటే వాడకం మార్పు కూడా అదే దరఖాస్తులో చూపాలి. తర్వాత చూసుకుందామనుకుంటే ఆస్తిపన్ను దగ్గర, ట్రేడ్ లైసెన్సు దగ్గర, బ్యాంకు లోను దగ్గర మూడుసార్లు ఆగుతారు.

మా ఇల్లు ఇంద్రకీలాద్రి కింద, అక్కన్న మాదన్న గుహలకు దగ్గర్లో ఉంది. ఏమైనా ఆంక్షలుంటాయా?

ఉంటాయి, అవి చాలా గట్టివి. ఆ గుహలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషేధిత ప్రాంతం, ఆపైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. మొగల్రాజపురం గుహల చుట్టూ కూడా ఇదే లెక్క.

నిషేధిత ప్రాంతంలో కొత్త కట్టడం కుదరదు. 1992 జూన్ 16కు ముందునుంచీ ఉన్న ఇంటికైతే మరమ్మతు, పునరుద్ధరణ కోసం అధీకృత అధికారికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఉన్న కొలతల్లోనే అయినా సరే, కూల్చి మళ్లీ కట్టడం మరమ్మతు కింద రాదు. కాబట్టి ఆ 100 మీటర్లలో ఉన్న మేడను తొందరపడి కూల్చారో, చేతిలో ఖాళీ స్థలం మాత్రమే మిగులుతుంది. నియంత్రిత ప్రాంతంలో కొత్తది కట్టుకోవచ్చు గానీ నిరభ్యంతర పత్రం తెచ్చుకున్నాకే. దూరాన్ని గుహ ద్వారం దగ్గర్నుంచి మీరే అడుగులేసి కొలవకండి. రక్షిత హద్దు నుంచి సర్వే చేయించిన కొలతే చెల్లుతుంది.

కాగితాల్లో ముందుగా ఏం చూసుకోవాలి?

ఎన్‌టీఎస్ (పట్టణ సర్వే) నంబరు, దస్తావేజులో ఉన్న హద్దులు, నేలమీద ఉన్న గోడలు మూడూ ఒకటేనా అన్నది మొదటిది. పాత దస్తావేజుల్లో ‘తూర్పు: ఫలానావారి ఉమ్మడి గోడ’ అని ఉంటుంది. ఆ ఒక్క మాట మీ డిజైన్ మొత్తాన్ని మార్చేస్తుంది.

ఈసీ (ఆస్తిమీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరం) ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. అంతకు ముందుది సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించి నకళ్లు తీసుకోవాలి. ఆ బజార్లలో దేవాలయాల, సత్రాల, వక్ఫ్ ఆస్తులు ఎక్కువ. తాతల కాలం నుంచి మీరే ఉంటున్నా సరే, రిజిస్ట్రేషన్ నిషేధించిన ఆస్తుల 22-ఏ జాబితాలో మీ నంబరు ఉందేమో చూడకుండా ఇంజినీరుకు అడ్వాన్సు ఇవ్వకండి.

ఇక వారసులు. మూడు తరాల ఆస్తిలో పంపకం దస్తావేజు రిజిస్టర్ కాకపోతే ఆడపిల్లలతో సహా అందరి సంతకాలూ కావాలి. ఎవరో ఒకరు అమెరికాలోనో హైదరాబాద్‌లోనో ఉంటారు. వాళ్ల పవర్ ఆఫ్ అటార్నీ సరిగ్గా నడిచి రావడానికి పట్టే కాలాన్ని పని షెడ్యూల్లో కలుపుకోండి. బిల్డరుతో డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ రాసుకుంటే రిజిస్టర్ చేయించండి. నోటరీ కాగితం మీద ఇంటి తాళాలు ఇవ్వవద్దు. ఏ అంతస్తు ఎవరిదో, దుకాణాల్లో ఎవరి వాటా ఎంతో ప్లాను కాపీ మీదే రంగులు వేసి అగ్రిమెంటుకు జతచేయండి. ‘సగం సగం’ అని రాసుకున్నవాళ్లే ముఖం షాపు ఎవరిదన్న దగ్గర కోర్టుకెక్కుతారు.

కింద పాత అద్దెదారులున్నారు. గుడ్‌విల్ కట్టి వచ్చామంటున్నారు. ఏం చేయాలి?

పని జరిగే కాలానికి వాళ్లను వేరేచోటికి మార్చి, పూర్తయ్యాక అదే వరుసలో షాపు ఇస్తామని రాతపూర్వకంగా ఒప్పుకోవడమే చాలాచోట్ల త్వరగా తెమిలే దారి. ఒప్పందంలో షాపు కొలత, కొత్త అద్దె, తాత్కాలిక షాపు అద్దె ఎవరు కడతారు, ఆలస్యమైతే నెలకు ఎంత ఇస్తారు అన్న నాలుగూ ఉండాలి. సామాను ఉండగా పైన కప్పు విప్పడం, కరెంటు తీసేయడం లాంటి ఒత్తిళ్లు పెడితే స్టే తెచ్చుకుంటారు, పని సగంలో ఆగుతుంది. సగం విప్పిన సున్నపు మేడ ఒక వానాకాలం తడిసిందంటే అప్పటిదాకా మంచిగా ఉన్న గోడలు కూడా పాడవుతాయి.

ఇంజినీరు వచ్చి ఏమేం పరీక్షించాలి?

బయటినుంచి చూసి, గోడ తట్టి ‘బాగానే ఉంది’ అనేవాళ్లతో ఆగిపోవద్దు. కనీసం ఇవి చేయాలి.

పునాది పక్కన మూడు నాలుగు చోట్ల గుంతలు తవ్వి లోతు, వెడల్పు, కింద మట్టి చూడాలి. కొండవైపు ఇళ్లకు రాయి త్వరగా తగులుతుంది. కాలవలవైపు వచ్చేకొద్దీ ఒండ్రు, అక్కడక్కడా నల్లరేగడి. ఒకే మేడలో ముందు సగం గట్టి నేలమీద, వెనక సగం పూడ్చిన మట్టిమీద ఉండటం కూడా జరుగుతుంది. మధ్య గోడలో కిందినుంచి పైదాకా ఒకటే పగులు ఉంటే ముందు అనుమానించాల్సింది దాన్నే.

పగుళ్ల మీద గాజు ముక్కలు అతికించి తేదీ రాయండి. గాజు పగలకపోతే అది పాత పగులు, కుట్టేయవచ్చు. పగిలితే కదలిక ఇంకా ఉంది, కారణం దొరికేదాకా దాన్ని పూడ్చవద్దు. కనీసం ఒక వానాకాలం దాటేదాకా ఈ గాజులు ఉంచడం మంచిది, ఎందుకంటే నల్లరేగడి ఎండకు బిగిసి వానకు ఉబ్బుతుంది.

గోడలో ఇటుక, సున్నం నమూనాలు తీసి ల్యాబులో బలం చూడాలి. గోడ మధ్యలో డొల్ల ఉందేమో సుత్తితో వరసగా తడుతూ రావాలి. మందపు గోడల్లో రెండు ముఖాలూ మంచి ఇటుకతో కట్టి, నడుమ ముక్కలు నింపినవి ఉంటాయి. అవి బరువు మోసే తీరు వేరు, వాటిలో సున్నపు గ్రౌటు (సందుల్లోకి పంపే పలచని ముద్ద) ఎక్కించాలి.

భారత ప్రమాణం (ఐఎస్) 1893 (2016) మ్యాపులో విజయవాడ భూకంప జోన్ 3లో ఉంది. పాత గోడలు నిలువు బరువుకు బాగానే ఓర్చుకుంటాయి, పక్కకు ఊగితే మూలల దగ్గర విడిపోతాయి. అందుకని కప్పు మట్టంలో నాలుగు గోడల్నీ కలిపి కట్టే బ్యాండు, మూలల్లో స్టీలు కుట్లు డిజైన్‌లో ఉన్నాయా అని అడగండి. మరమ్మతు, బలోపేతానికి ఐఎస్ 13935 ఉంది. ఆ పేరు వినని ఇంజినీరుకు ఈ పని అప్పగించవద్దు.

మద్రాసు టెర్రస్ కప్పు ఉంచుకోవచ్చా?

దూలాలు బాగుంటే తప్పకుండా ఉంచండి. టేకు దూలాల మీద చిన్న ఇటుకలు నిలబెట్టి, పైన సున్నపు కాంక్రీటు పరిచిన ఈ కప్పు వేసవిలో శ్లాబుకంటే చల్లన. అది పాడయ్యేది ఎక్కువగా గోడలోకి దూరిన దూలం కొసల్లో. గోడ చెమ్మ అక్కడ చేరుతుంది, చెద అక్కడే పడుతుంది. గోడనుంచి ఒక అడుగు లోపల స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడండి. అర అంగుళం కంటే లోపలికి దిగితే ఆ కొస కోసేసి కొత్త టేకు అతుకు గానీ, రెండువైపులా స్టీలు పట్టీలు గానీ వేయాలి. దూలం కింద దారం లాగి కుంగు కొలవండి. 12 అడుగుల దూలంలో 15 మిల్లీమీటర్లు దాటితే బరువు లెక్క మళ్లీ చేయించాలి.

చాలామంది పట్టించుకోనిది పైన పేరుకున్న పొరలు. కారినప్పుడల్లా ఒక పొర వేస్తూ వస్తారు. రెండు అంగుళాల పొర చదరపు మీటరుకు దాదాపు 100 కిలోలు. అలాంటివి మూడు ఉంటే, ఇంట్లో జనం, సామాను కోసం కోడ్ లెక్కగట్టే బరువుకంటే ఎక్కువ బరువు ఊరికే పైన కూర్చుని ఉన్నట్టు. వాటిని తీసేసి అసలు పొర దాకా వెళ్లి, వాలు సరిచేసి ఒక్కసారే వాటర్‌ప్రూఫింగ్ చేయండి. తీసేటప్పుడు బ్రేకరు వాడితే కింద ఇటుకలు జారిపోతాయి. ఉలి, సుత్తితోనే చేయించాలి.

దుకాణానికి పది అడుగుల షట్టరు కావాలి. ముందు గోడ ఎలా తీయాలి?

ఈ పనుల్లో ప్రాణాపాయం ఎక్కువగా ఉండేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతున్నాం. 18 అంగుళాల ఇటుక గోడ చదరపు మీటరుకు 850 కిలోల పైన ఉంటుంది. పై అంతస్తు గోడ మూడున్నర మీటర్ల ఎత్తుంటే, మీరు తీయబోయే చోట పైన మీటరుకు మూడు టన్నులు నిలబడి ఉన్నట్టు. అదికాక ఆ గోడమీద ఆనిన దూలాల బరువు.

పై గది ఖాళీ చేయించాలి. దూలాల కింద గోడకు రెండువైపులా జాకీలు పెట్టాలి. సరుగుడు బాదులు ఈ పనికి చాలవు, స్క్రూ జాకీలే కావాలి. జాకీల కింద మందపు చెక్కలు వేయండి, ఎందుకంటే పాత గచ్చు కింద తూము ఉంటే జాకీ దిగిపోతుంది. తర్వాత షట్టరు ఎత్తు పైన గోడలో మూడు అడుగులకొకటి చొప్పున తొమ్మిది అంగుళాల కంతలు చేసి, వాటిలోంచి ఇనుప జాయిస్టులు అడ్డంగా దూర్చి, రెండు చివరలా జాకీల మీద బిగించాలి. ఇప్పుడు పై గోడ వీటిమీద నిలుస్తుంది.

గోడకు ఒక ముఖం మీద గాడి చేసి మొదటి స్టీలు ఛానెల్ కూర్చండి. దానికీ గోడకూ మధ్య ఖాళీని కుంచించుకుపోని గ్రౌటుతో గట్టిగా కూరి, గట్టిపడ్డాక రెండో ముఖం మీద రెండో ఛానెల్. రెండింటినీ బోల్టులతో బిగించాలి. చివరలు కనీసం తొమ్మిది అంగుళాలు ఆనాలి, అదీ నేరుగా పాత ఇటుకమీద కాకుండా కాంక్రీటు దిమ్మమీద. మెత్తబడిన సున్నపు కట్టుబడిమీద ఆనిస్తే కొన్నాళ్లకు మూల చితికి, షట్టరు పైన మెట్లు మెట్లుగా పగులు లేస్తుంది. ఇవన్నీ అయ్యాకే కింద గోడను పైనుంచి కిందికి, ఒక్కో వరస చేత్తో విప్పాలి.

ఒక షట్టరు పూర్తిగా తేలాకే రెండోది మొదలుపెట్టాలి. ముందు గోడ మొత్తం షట్టర్లయిపోతే భూకంపంలో ఆ అంతస్తు అగ్గిపెట్టెలా పక్కకు ఒరుగుతుంది. కాబట్టి ఛానెళ్లకు రెండువైపులా స్టీలు నిలువులు పెట్టి, నేల మట్టంలో కూడా కలిపి పూర్తి చట్రం చేయమనండి.

పైన ఇంకో అంతస్తు వేసుకోవచ్చా?

పాత గోడలమీద నేరుగా వద్దు. కావాలంటే లోపల వేరే ఫ్రేము లేపి, కొత్త బరువంతా దాని పునాదికి దింపాలి. ఆ ఫ్రేము పునాది తవ్వేటప్పుడు పాత పునాది అడుగు మట్టం కంటే కిందికి వెళ్లాల్సి వస్తే ముందు పాత పునాదికి ఆసరా కట్టాలి. పై అంతస్తుల్లో అడ్డుగోడలకు ఇటుక బదులు తేలికరకం ఏఏసీ దిమ్మలు వాడండి.

పక్కింటివాళ్లతో ఉమ్మడి గోడ ఉంది. జాగ్రత్తలేమిటి?

మొదటి దెబ్బ పడకముందే పక్కింటి గదులన్నీ తేదీతో ఫొటోలు, వీడియో తీసి, వాళ్ల సంతకంతో ఒక కాపీ వాళ్లకూ ఇవ్వండి. అది లేకపోతే ఎప్పటిదో పాత పగులు కూడా మీ ఖాతాలోనే పడుతుంది. ఉమ్మడి గోడ కింద పునాది దింపాల్సి వస్తే ఒకేసారి బారుగా తవ్వకండి. మీటరు ముక్క తవ్వి, కట్టి, గట్టిపడ్డాక, రెండు ముక్కలు వదిలి తర్వాతది. వాళ్ల దూలాలు మీ వైపు గోడలోకి ఎంత లోతు వచ్చాయో కూడా చూడాలి. మీరు గాడి చేసేచోట వాళ్ల దూలం కొస ఉంటే అవతలి కప్పు దిగుతుంది.

ఇరవై ఏళ్లుగా వాళ్ల కిటికీకి మీవైపు నుంచి వస్తున్న వెలుతురుకు 1882 ఈజ్‌మెంట్ చట్టం కింద హక్కు ఏర్పడి ఉండవచ్చు. దాన్ని మూసే గోడ డిజైన్‌లో ఉంటే ముందే మాట్లాడుకోండి.

గోడలకు ఎంత ప్లాస్టింగ్ చేసినా ఏడాదిలో ఊడిపోతోంది. ఎందుకు?

సిమెంటు వల్ల. పునాది నుంచి పైకెక్కే చెమ్మ సున్నపు గారలోంచి ఆవిరై పోతూ ఉంటుంది. దానిమీద సిమెంటు పూస్తే దారి మూసుకుపోయి, చెమ్మ ఇంకా పైకెక్కుతుంది. నీటితో వచ్చిన ఉప్పు ప్లాస్టింగ్ వెనక గడ్డకట్టి పొరను తోసేస్తుంది. రోడ్డుమీద రోడ్డు వేసుకుంటూ పోవడంతో ఇప్పుడు చాలా ఇళ్ల గడప వీధికంటే దిగువన ఉంది, ఆ చెమ్మ కూడా దీనికి తోడు.

సిమెంటు పొరను చెమ్మ గీత కంటే అడుగున్నర పైదాకా తీసేయండి. ఇటుక సందులు 20 మిల్లీమీటర్ల లోతు గీకి, గోడను కొన్ని వారాలు ఊరికే ఆరనివ్వండి. తేలిన ఉప్పును పొడి బ్రష్షుతో దులపాలి. కడిగితే కరిగి మళ్లీ లోపలికే పోతుంది. తర్వాత గానుగ సున్నం ఒక పాలు, ఇసుక గానీ సుర్కీ (ఇటుక పొడి) గానీ రెండు పాళ్లు కలిపి 10–12 మిల్లీమీటర్ల చొప్పున రెండు పూతలు. సున్నం కనీసం రెండు వారాలు గుంతలో నానాలి. లేకపోతే కరగని పలుకులు గోడమీద తర్వాత పేలి బొబ్బలు లేస్తాయి. పూసిన గోడకు తడి గోనె పట్టాలు కట్టి వారం రోజులు తేమ ఆరకుండా చూడాలి. మే నెల ఎండలో ఈ పని పెట్టుకుంటే బిగవకముందే ఎండి పొడిపొడిగా రాలుతుంది. పైన ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే మళ్లీ మొదటికే వస్తారు, సున్నమే కొట్టండి.

పై ఫ్లాట్లకు బాత్రూములు, ట్యాంకు ఎక్కడ పెట్టాలి?

నీళ్లు, చెక్క దూలాలు ఒకచోట ఉండకూడదు. బాత్రూములు, వంటింటి సింకులు అన్నీ ఒకే షాఫ్టు (పైపులు దిగే నిలువు ఖాళీ) చుట్టూ ఒకదానిమీద ఒకటి వచ్చేలా చూసి, ఆ భాగం వరకు పాత కప్పు తీసి కొత్త కాంక్రీటు కోర్ వేయండి. ఆ కోర్‌లోనే మెట్లు, లిఫ్టు, పైన ట్యాంకు. ఆరు ఫ్లాట్లు, ఇంటికి ఐదుగురు, మనిషికి రోజుకు 135 లీటర్లు అనుకుంటే రోజుకు 4,050 లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకు నిండితే ఐదు టన్నులు. పాత గోడమీద దాన్ని పెడితే చెమ్మా బరువూ రెండూ అక్కడే పడతాయి.

లిఫ్టు గుంతను పాత గోడ పునాదికి ఎంత దూరం జరపగలిగితే అంత మంచిది. కాలవల దగ్గర భూగర్భజలం పైనే ఉంటుంది కాబట్టి గుంతకు లోపల, బయట రెండువైపులా వాటర్‌ప్రూఫింగ్ చేసి, చిన్న పంపు పెట్టించండి.

మండువా పైన శ్లాబు వేసేస్తే ఇంకో గది వస్తుంది కదా?

ఒక గది వస్తుంది, నాలుగు గదులకు గాలి పోతుంది. రెండు పక్కలా ఉమ్మడి గోడలున్న 80 అడుగుల లోతు ఇంట్లో నడుమ గదులకు వెలుతురు వచ్చేది మండువా నుంచే. ఇక్కడి వేసవిలో వేడి గాలి పైకి పోయేదీ అందులోంచే. ఫ్లాట్లు చేసేటప్పుడు దీన్నే నడి షాఫ్టుగా ఉంచి, పడకగదుల కిటికీలు ఇందులోకి తెరవండి. వాన పడకుండా పైన పారదర్శక షీటు వేస్తే చుట్టూ రెండడుగులు గాలికి వదలాలి. మండువా అడుగున నీళ్లు పోయే పాత తూము ఎటు పోతుందో కనుక్కుని, పూర్తిగా కడిగించి, పైపు మార్చండి. దాన్ని పూడ్చి పైన టైల్స్ వేసిన ఇళ్లలో మొదటి పెద్ద వానకే కింద షాపులో నీళ్లు లేస్తాయి.

కింద ఏ వ్యాపారానికైనా అద్దెకు ఇవ్వవచ్చా?

లేదు. బరువు, నిప్పు రెండూ చూడాలి. ఐఎస్ 875 ప్రకారం ఇంటి గదికి చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు, దుకాణానికి 400, గోడౌనుకు కనీసం 750 లెక్కగడతారు. వన్‌టౌన్ హోల్‌సేలు వ్యాపారుల అలవాటు కింద షాపు, మొదటి అంతస్తులో సరుకు. టేకు దూలాల మీద బట్టల బేళ్లు, నోటుపుస్తకాల కట్టలు పేర్చితే అది నాలుగింతల బరువు. మొదటి అంతస్తు గోడౌనుగా వాడరాదని అద్దె అగ్రిమెంటులోనే రాయండి.

బాణసంచా, రంగులు, థిన్నర్లు, ఫోము అమ్మే షాపులు ఇళ్ల కింద వద్దు. టిఫిన్ హోటలుకు ఇస్తే పొగ గొట్టం పై కప్పు దాటి పోవాలి, కాలవలోకి పోయే నీటికి నూనె పట్టే గుంత ఉండాలి, సిలిండర్లు మెట్ల కింద కాక బయట గాలి ఆడేచోట ఉండాలి. షాపుకూ ఫ్లాట్లకూ దారులు పూర్తిగా వేరు చేయండి. షాపులో మంటలు లేస్తే పైవాళ్లు దిగే మెట్లలోకి పొగ రాకూడదు. షాపు పైకప్పు చెక్కదైతే కింద ఫైరు రేటింగ్ ఉన్న జిప్సం బోర్డు రెండు పొరలు వేసి, పరీక్ష సర్టిఫికెట్ దగ్గర ఉంచుకోండి. ఫ్లాట్ల మెట్లు కనీసం 1.25 మీటర్ల వెడల్పు, షాపు జనం వాడే మెట్లు మీటరున్నర ఉండాలి.

కరెంటు పని?

చెక్క పట్టీల పాత వైరింగు మొత్తం తీసేయాల్సిందే. లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీలకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ప్రతి ఫ్లాటుకూ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్). షాపులకు, ఫ్లాట్లకు మీటరు కేటగిరీలు వేరు. మీటరు బోర్డు ఎత్తున పెట్టండి. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట వైపు కింది అంతస్తులన్నీ నీటిలో ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మరు అవసరమైతే దానికి స్థలం ప్లాను దశలోనే చూడాలి. ఇరుకు వీధిలో తర్వాత చోటు దొరకదు.

రెరా, జీఎస్టీ వర్తిస్తాయా?

మీరే ఉంచుకుని అద్దెకిస్తే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ అవసరం లేదు. అమ్మేట్టయితే 500 చదరపు మీటర్ల స్థలం, అంటే సుమారు 598 గజాలు, లేదా 8 యూనిట్లు అన్న పరిమితులు చూడాలి. రెరా చట్టంలో షాపు, గోడౌను కూడా యూనిట్టే. ఆరు ఫ్లాట్లు, నాలుగు షాపులు అంటే పది. పక్క పక్క మూడు నాలుగు ఇళ్లు కలిపి చేసేవాళ్లు ఇది ముందే లెక్కేసుకోవాలి.

జీఎస్టీలో మొత్తం కార్పెట్ ఏరియాలో (లోపల వాడుకునే విస్తీర్ణంలో) షాపుల వాటా 15 శాతం మించకపోతే ప్రాజెక్టు మొత్తాన్నీ నివాస ప్రాజెక్టుగా చూస్తారు. ఫ్లాట్లు 420 చదరపు మీటర్లు, షాపులు 80 అయితే 16 శాతం, గీత దాటినట్టే. షాపులు 70కి తగ్గిస్తే 14 శాతం చిల్లర. పది చదరపు మీటర్లతో పన్ను లెక్క మారిపోతుంది కాబట్టి డ్రాయింగు ఖాయం చేయకముందే ఆడిటరుకు చూపించండి.

పార్కింగ్ సంగతి?

20 అడుగుల ముఖంలో కార్లకు చోటిస్తే షాపు ఉండదు. టూవీలర్లకు వెనక భాగం కేటాయించి, కారు పార్కింగ్ లేదని అమ్మకపు ఒప్పందంలో తేటగా రాయండి.

పని ఎప్పుడు మొదలుపెట్టాలి? సామాను ఎలా చేరుతుంది?

కప్పు విప్పే పని డిసెంబరు నుంచి మే లోపల ముగించుకోండి. దసరా నవరాత్రుల్లో, మళ్లీ భవానీ దీక్షల విరమణలో వన్‌టౌన్ రోడ్లమీద వాహనాలు కదలవు. ఆ రోజుల్లో కాంక్రీటు పోయాల్సిన పని పెట్టుకోవద్దు. రెడీమిక్స్ లారీ సందుల్లోకి రాదు. ఇసుక, ఇటుక రాత్రిపూట సెంటర్లో దించి ట్రాలీ ఆటోల్లో తెచ్చుకోవాలి, ఆ కూలీ ఖర్చు ఎస్టిమేట్‌లో విడిగా చూపమనండి.

కూల్చివేత కాంట్రాక్టరు సామాను తీసుకుని ఎదురు డబ్బులిస్తానంటున్నాడు. ఇవ్వవచ్చా?

ఏం పోతుందో లెక్క రాసుకోకుండా ఇవ్వకండి. బర్మా టేకు దూలాలు, ద్వారబంధాలు, ఇనుప గడ్డర్లు, మాచర్ల బండలు, చిన్న ఇటుకలు అన్నీ మీ పనిలోనే తిరిగి వాడుకునేవి. కుళ్లిన దూలం కొసలకు అతుకు వేయడానికి అదే ఈడు టేకు దొరికేది మీ ఇంట్లోనే. విప్పేముందు ప్రతి దూలానికీ, తలుపుకూ పెయింటుతో నంబరు వేసి, అదే నంబరు డ్రాయింగులో రాయండి. మిగిలిందే అమ్మండి. చితికిన ఇటుక కూడా పారేయకండి, జల్లించి దంచితే గారకు సుర్కీ అవుతుంది.

పూర్తయ్యాక నిర్వహణ ఖర్చు షాపులు, ఫ్లాట్లు ఎలా పంచుకోవాలి?

గజాల లెక్కన అందరికీ సమానంగా పంచితే గొడవ ఖాయం. లిఫ్టు, మెట్ల లైట్లు ఫ్లాట్లవి. కప్పు, పునాది, బయటి గోడలు, తూములు అందరివీ. షాపు బోర్డులు ఎంత ఎత్తు వరకు పెట్టవచ్చో, సరుకు లోడింగు ఏ వేళల్లో జరగాలో బైలాలో రాసి సంఘాన్ని రిజిస్టర్ చేయించండి. బైలాలో ఇంకో రెండు షరతులు తప్పకుండా ఉండాలి. ఇంజినీరు సంతకం లేకుండా ఎవరూ ఏ గోడకూ కంత పెట్టకూడదు. ఏటా మే నెలలో కప్పు వాలు, తూములు, దూలాల కొసలు చూసి రిజిస్టరులో రాయాలి. ఏసీ బిగించేవాళ్లు డ్రిల్లింగు మిషన్ పట్టుకుని వచ్చినప్పుడు ఏ గోడ బరువు మోస్తోందో తెలిసేలా, దూలాల నంబర్లు, బరువు మోసే గోడలు గుర్తించిన డ్రాయింగు కాపీని ఫ్రేము కట్టించి మెట్ల దగ్గర తగిలించండి.